ఎవరి గొట్టం వాళ్ళే తుడుచుకోవాలి

దసరాకి తుళ్లూరు వెళ్ళి గొడవ పెట్టుకుని వచ్చాను. మొదట బాబాయితో, తర్వాత మిలటరీ పెదనాన్నతో, చివరికి నాతో నేనే. మొదటి రెండూ గెలిచాననుకుంటున్నాను. మూడోది మాత్రం చిత్తుగా ఓడిపోయాను. ఆ మూడోదాని గురించే ఈ గోలంతా.

మా అక్క కూతురు తొమ్మిదో తరగతి. రెండేళ్ళ నుంచీ పది మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటోంది. పిస్టల్ అనగానే కంగారు పడకండి. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జూళ్ళ లోపు శక్తి ఉన్న గాలి తుపాకికి లైసెన్సు అక్కర్లేదు. పోటీల్లో వాడేవి అందులో మూడో వంతు కూడా ఉండవు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018లో పదమూడేళ్ళకే పెద్దవాళ్ళని దాటి జాతీయ ఛాంపియన్ అయింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది, 2024లో పారిస్ ఒలింపిక్స్‌కి వెళ్ళింది. మా గుంటూరు వైపు కుర్రాడు ముకేశ్ నేలవల్లి 2024లో లిమాలో జరిగిన జూనియర్ ప్రపంచ పోటీల్లో పతకాలు కొట్టాడు. ఇవన్నీ పేపర్లో చదివి మా పిల్ల నేనూ అంది. అక్కా బావా నా వైపు చూశారు. నేను సాఫ్టువేరు కదా, డబ్బులు చెట్టుకి కాస్తాయి కదా! సెకండ్ హ్యాండులో ఒక మంచి పిస్టల్ కొనిచ్చాను. కొన్నాక నా బాధ్యత తీరిపోయిందనుకున్నాను. తప్పంతా అక్కడే మొదలైంది, దాని దగ్గరికి తర్వాత వస్తా.

మహానవమి పొద్దున ఆయుధ పూజ. బాబాయి ట్రాక్టరు కడిగి బొట్లు పెట్టాడు. మిరపకి మందు కొట్టే పంపుకి పెట్టాడు. నా లాప్‌టాప్‌కీ పెట్టాడు. ఆఖర్న పిల్ల పిస్టల్ తీసి, తడి పసుపు రాసి, సరిగ్గా గొట్టం మూతి మీద కుంకుమ అద్దాడు. అమ్మ ఊరుకుంటుందా? తుప్పు పట్టకుండా అని గొట్టంలో నాలుగు చుక్కలు కొబ్బరినూనె వేసింది. నేను స్నానం చేసి వచ్చేసరికి పిస్టల్ పట్టు గుడ్డ మీద పెళ్ళికూతురిలా కూర్చునుంది.

"ఇదేంటి బాబాయ్, ఇనుముకి తడి పసుపేంటి" అన్నాను. "ఏరా, నాలుగు ముక్కలు చదివేసరికి పూజలు కూడా తప్పయిపోయినయ్యా" అన్నాడు.

పూజ తప్పు అని నేనెప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. పనిముట్టుకి ఏడాదికోసారి దణ్ణం పెట్టే అలవాటు చాలా గొప్పది. నా వాదనల్లా ఒకటే. మిగతా మూడొందల అరవై నాలుగు రోజులూ దాని మొహం చూడకుండా ఒక్క రోజు బొట్టు పెడితే అది పూజ కాదు, మొక్కుబడి. ఆ మందు పంపు నాజిల్ ఏడాదిగా సగం మూసుకుపోయి ఉంది. దాన్ని విప్పి సూదితో, నీళ్ళతో శుభ్రం చేసి అప్పుడు బొట్టు పెడితే నేనే హారతి ఇస్తాను.

ఇక కొబ్బరినూనె. ఇరవై నాలుగు డిగ్రీల దగ్గర అది గడ్డకడుతుంది, డిసెంబరు పొద్దున బాత్రూములో సీసా చూస్తే తెలిసిపోతుంది. షూటింగ్ రేంజి ఏసీలో కూడా అంతే. గొట్టంలో జిడ్డు ఒకచోట మందంగా, ఒకచోట పల్చగా ఉంటే ఒక్కో గుండు ఒక్కో వేగంతో బయటికొస్తుంది. అంతకంటే ముఖ్యం, ఈ పిస్టళ్ళ సిలిండర్లో గాలి దాదాపు 200 బార్ల ఒత్తిడిలో ఉంటుంది. మీ కారు టైరులో ఉండేది రెండు బార్ల చిల్లర. అంత ఒత్తిడి గాలి నూనెతో కలిస్తే మండే ప్రమాదం ఉంది, పేలే ప్రమాదమూ ఉంది. అందుకే గాలి వెళ్ళే దారిలో కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె, ఏ నూనే పోయకూడదు. తయారీదారు చెప్పిన గ్రీజు, చెప్పిన చోట, చెప్పినంత. అంతే. అమ్మకి ఇది చెప్తే వెంటనే ఒప్పుకుంది. బాబాయి ఒప్పుకోలేదు గానీ మాట్లాడకుండా కాఫీ తాగాడు. మా ఇంట్లో దాన్నే ఒప్పుకోవడం అంటారు.

సాయంత్రం మిలటరీ పెదనాన్న వచ్చాడు. 1971 యుద్ధం నాటికి సిపాయి. మేము పిస్టల్ తుడుస్తుంటే చూసి నవ్వాడు. "ఇట్టా పైపైన కాదబ్బాయ్. గొట్టంలో సలసలా కాగే నీళ్ళు పొయ్యాలి. తర్వాత పుల్‌త్రూ లాగాలి. పేల్చినా పేల్చకపోయినా రోజూ. అదీ తుపాకి అంటే."

ఇక్కడ నేను రెచ్చిపోయాను. పెదనాన్న చెప్పింది అబద్ధం కాదు, ఆయన తుపాకికి అది అక్షరాలా నిజం. ఆయన ట్రైనింగు చేసింది త్రీ నాట్ త్రీ రైఫిలుతో. ఆ కాలపు తూటాల ప్రైమర్లో పొటాషియం క్లోరేటు ఉండేది. పేలాక అది పొటాషియం క్లోరైడుగా మారి గొట్టం లోపల అంటుకుంటుంది. అంటే మన వంటింటి ఉప్పుకి అన్నదమ్ముడు. ఉప్పు తేమని లాగుతుంది, తేమ ఇనుముని తింటుంది. ఉప్పు నూనెలో కరగదు, నీళ్ళలోనే కరుగుతుంది. అందుకని కాగే నీళ్ళు. నీళ్ళ వేడికి గొట్టం కూడా కాగి త్వరగా ఆరిపోతుంది. ఎంత తెలివైన పద్ధతో చూడండి! కానీ ఇప్పటి పాయింట్ 22 తూటాల ప్రైమర్లో ఆ ఉప్పు లేదు. ఎయిర్ పిస్టల్లో అసలు ప్రైమరూ లేదు, మందూ లేదు, ఉన్నది గాలి. జబ్బు పోయి ఏళ్ళయినా మందు మాత్రం వేసుకుంటూనే ఉన్నాం. మన ప్రాజెక్టుల్లో ఇలాంటి కోడు ఎంతుందో మీకు చెప్పాలా? 'ఇది తీసేస్తే ఏమవుతుందో తెలియదు, ఉండనివ్వండి' అని కామెంటు రాసి ఉంటుంది చూడండి, అది.

పెదనాన్న విన్నాడు. "ఏమోరా, మీ తుపాకుల సంగతి మీకు తెలియాలి" అని లేస్తూ ఒక మాట అన్నాడు. "ఒకటి మటుకు చెప్తా. ఎవడి గన్ను వాడే తుడుచుకునేవాళ్ళం. పక్కవాడి చేతికిస్తే సుబేదారు తాట తీసేవాడు."

అప్పుడు ఆ మాట నాకు ఎక్కలేదు. గెలిచిన ఊపులో ఉన్నాను కదా!

పది నిమిషాల తర్వాత ఎక్కింది. ఫోను టార్చి వేసి గొట్టం మూతి చూస్తుంటే అంచు మీద ఒకచోట సన్నగా గాటు కనపడింది. గోటితో తడిమితే తగులుతోంది. ఇదేంటే అని అడిగాను. పిల్ల కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. "రేంజిలో అన్న ఇనప కడ్డీ ముందునుంచి పెట్టి తోముతాడు మావయ్యా. మూడు నెలల్నించీ షాట్లు చెదిరిపోతున్నయ్. సార్ నా చెయ్యే కుదురుగా లేదన్నారు. నేను కూడా నాదే తప్పనుకున్నా."

ఇప్పుడు ఆ గాటు ఏం చేస్తుందో చెప్తాను. అర గ్రాము సీసం గుండు, సెకనుకి సుమారు 150 మీటర్ల వేగం. గొట్టం లోపల మెలితిరిగిన గాడులు దాన్ని తిప్పుతూ బయటికి పంపిస్తాయి. గుండుని ఆఖరుసారి ముట్టుకునేది ఆ మూతి అంచు. అది చుట్టూ ఒకేలా ఉంటే వెనకాల గాలి అన్నివైపులా ఒకేసారి బయటికి పోతుంది. ఒకచోట గాటుంటే గాలి అటువైపు నుంచి ముందు తప్పించుకుని గుండుని పక్కకి తోస్తుంది. పది మీటర్ల అవతల పది పాయింట్ల వలయం అడ్డం పదకొండున్నర మిల్లీమీటర్లు, అంటే మీ చొక్కా గుండీ అంత. ఒక మిల్లీమీటరు తేడా చాలు, పది కాస్తా తొమ్మిది అవుతుంది. అన్నీ ఒకే వైపుకి పోతే సైటు తిప్పి సరిచేసుకోవచ్చు. చెదిరిపోతే తిప్పడానికేం లేదు. అరవై షాట్ల పోటీలో అలా ఎన్ని పోయాయో ఎవరు లెక్క పెడతారు?

పద్నాలుగేళ్ళ పిల్ల మూడు నెలలు రాత్రుళ్ళు నీళ్ళ సీసా చేత్తో పట్టుకుని, చెయ్యి కుదురు కోసం గోడ ముందు నిలబడిందట. తప్పు చేతిలో లేదు, గొట్టంలో ఉంది.

ఆ కడ్డీ పెట్టిన కుర్రాడికి నెలకి రెండొందలు ఇచ్చి 'మా పిల్లది కూడా తుడువబ్బా' అని చెప్పింది ఎవరు? నేనే. మూడో గొడవ ఇదీ. దీనికి నా దగ్గర జవాబు లేదు.

ఆ కుర్రాడి వేళ్ళు

పండగ అయ్యాక పిల్లని తీసుకుని రేంజికి వెళ్ళాను. ఏ ఊళ్ళో, ఏ రేంజో అనవసరం. అన్ని చోట్లా ఇదే కథ. ఆ అబ్బాయికి పదిహేడేళ్ళు ఉంటాయేమో. మీసం కూడా సరిగా రాలేదు. తిట్టాలని వెళ్ళాను. బల్ల ముందు కూర్చుని వరసగా పిస్టళ్ళు తుడుస్తున్నాడు. ఎయిర్ పిస్టళ్ళున్నాయి, పెద్దవాళ్ళ పాయింట్ 22వీ ఉన్నాయి. వేళ్ళు గోళ్ళ దాకా నల్లగా ఉన్నాయి. చేతికి తొడుగు లేదు. పక్కనే పొట్లంలో పులిహోర. గుడ్డముక్క పక్కన పడేసి, ప్యాంటుకి చెయ్యి తుడుచుకుని, ఒక ముద్ద పెట్టుకున్నాడు.

"సబ్బుతో కడుక్కోవా?" అన్నాను. నవ్వాడు. "మళ్ళీ తుడవాలి కదన్నా, ఎన్నిసార్లు కడుక్కుంటాం."

నేను తిట్టలేకపోయాను.

ఆ నలుపు సీసం. పాయింట్ 22 గుండు సీసం, దాని ప్రైమర్లోనూ ఎక్కువ బ్రాండ్లలో సీసం సమ్మేళనమే ఉంటుంది. పేలినప్పుడు అది ఆవిరై, పొడై గొట్టం అంతా అంటుకుంటుంది. ఎయిర్ పిస్టల్లో ఇంత ఉండదు నిజమే, కానీ గుండ్లు ముట్టుకున్న వేళ్ళకీ, గుండు తగిలి పగిలే రేకు పెట్టె దగ్గరా సీసం పొడి ఉంటుంది. ఒంట్లోకి వెళ్ళిన సీసం ఎముకల్లో చేరి ఏళ్ళ తరబడి కూర్చుంటుంది. పెద్దవాళ్ళకి రక్తపోటు, మూత్రపిండాల తంటా. పిల్లలకి మెదడు ఎదుగుదల మీదే దెబ్బ. ఇంత లోపల ఉంటే ఏమీ కాదు అని చెప్పగలిగే గీత లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే అంటుంది. 2000లో మన దేశంలో పెట్రోలు నుంచి సీసం తీసేసింది సరదాకి కాదు కదా.

లెక్క వేసుకోండి. మన పిల్ల ముట్టుకునేది ఒక్క పిస్టల్. ఆ కుర్రాడు ముట్టుకునేది అందరివీ. మన పిల్లల చేతులు శుభ్రంగా ఉండటం కోసం అందరి సీసమూ తీసుకెళ్ళి ఒక్కడి చేతుల్లో పోస్తున్నాం. దానికి రేటు రెండొందలు. సాయంత్రం వాడు అవే బట్టలతో ఇంటికెళ్ళి చెల్లెల్ని ఎత్తుకుంటే ఆ పొడి అక్కడికీ వెళ్తుంది.

ఇది షూటింగ్ గురించి అనుకుంటున్నారా? కాదండీ. మనకి వాడటం గౌరవం, తుడవడం నామోషీ. వంట చేసినావిడ గొప్ప, అంట్లు తోమినావిడ పనిమనిషి. పిస్టల్ కాల్చే పిల్ల ఛాంపియన్, దాన్ని బాగుంచే కుర్రాడు 'ఒరేయ్'. ఈ జబ్బు ఎన్ని వందల ఏళ్ళదో, ఎవరి నెత్తిన ఏ పని పెట్టామో మీకు తెలుసు, నేను విడమరచక్కర్లేదు.

వచ్చే జవాబులు, వాటికి నా జవాబులు

"పాపం వాడికి నాలుగు డబ్బులు వస్తుంటే నువ్వు ఆపేస్తావా?" మా బావే ఈ మాట అన్నాడు. డబ్బులు ఆపమని నేను అన్లేదు. పెంచమంటున్నాను. రేంజి బాగోగులు చూడటం పెద్ద పని. పొడి చీపురుతో ఊడిస్తే సీసం పొడి గాల్లోకి లేస్తుంది, తడిగుడ్డ పెట్టాలి. గాలి షూటర్ వెనకనుంచి టార్గెట్ వైపు పోయేలా ఫ్యాన్లుండాలి. చేతి తొడుగులు, సబ్బు, కుళాయి, తిండికి వేరే గది, ఏడాదికోసారి రక్తంలో సీసం పరీక్ష. ఇవి ఇచ్చి జీతం ఇవ్వండి. ఇంకా మంచి పని చెప్పనా? వాడికి ఆర్మరర్ పని నేర్పించండి. సీళ్ళు మార్చడం, ట్రిగ్గరు బరువు సరిచూడటం, మూతి అంచు బాగుచేయడం. పెద్ద పోటీలకి జట్లతో పాటు ఆర్మరర్లు కూడా వెళ్తారు. 'తుడిచే కుర్రాడు' వేరు, ఆర్మరర్ వేరు. మొదటివాడికి మనం చేతులు నల్లబడే పని ఇస్తాం, రెండోవాడికి విద్య ఇస్తాం.

"పిల్లకి చదువూ ప్రాక్టీసుతోనే సరిపోతోంది, టైమెక్కడిది?" పది నిమిషాలండీ. రీల్స్ చూసే టైములో పదో వంతు. పైగా ఇది కూడా ప్రాక్టీసే. తన పిస్టల్ తను విప్పి చూసుకునే పిల్లకి మూతి మీద గాటు మొదటి వారమే కనపడేది. మూడు నెలలు తన చేతిని తిట్టుకునేది కాదు.

"మేము ఖరీదైన కిట్ కొన్నాం, రోజూ తోముతాం." ఈ బ్యాచి మా ఆఫీసులో ఉంది. వీళ్ళు బాబాయికి రివర్స్. అమెరికా వాళ్ళ వీడియోలు చూసి కంచు బ్రష్షులు, అమ్మోనియా ద్రావకాలు తెప్పిస్తారు. అమ్మోనియా ద్రావకం రాగి తొడుగు గుండ్లు కాల్చే పెద్ద రైఫిళ్ళ కోసం, గొట్టంలో పేరుకున్న రాగిని కరిగించడానికి. మనం కాల్చేది ఉత్త సీసం గుండు. లేని రాగిని కరిగించడం ఎందుకు? గుళ్ళు కాల్చి అరిగిపోయిన టార్గెట్ గొట్టాల కంటే అతిగా, అడ్డదిడ్డంగా తోమడం వల్ల పాడైనవే ఎక్కువని ఈ పని తెలిసినవాళ్ళంతా చెప్పే మాట. నమ్మకపోతే మా పిల్ల పిస్టల్ చూడండి.

మరి ఎలా తుడవాలి?

తిట్టి వదిలేస్తే ఎలా, పద్ధతి కూడా చెప్తాను.

ముందు ఖాళీయో కాదో చూడాలి. మ్యాగజైన్ ఉంటే తీసి, లివరు తెరిచి, గుండు లేదని కంటితో చూసి, వేలితో తడిమి, అప్పుడు కూర్చోవాలి. మూతి మనిషి వైపు ఉండకూడదు, ఖాళీ అని తెలిసినా సరే. బల్ల మీద గుండ్ల డబ్బా ఉండకూడదు.

ఎయిర్ పిస్టలైతే పని చాలా తక్కువ. అందులో మందు కాలదు కాబట్టి మసి లేదు. గొట్టం కొలతకి తగ్గ ఫెల్ట్ ఉండలు దొరుకుతాయి. సిలిండరు పిస్టళ్ళలో రెండు మూడు ఉండలు పెట్టి కాల్చితే చాలు, మూతి దగ్గర ఒక గుడ్డ పెట్టిన డబ్బా పట్టుకోండి. స్ప్రింగ్ పిస్టల్లో మాత్రం ఉండ కాల్చొద్దు. అది మరీ తేలిక కాబట్టి ఎదురొత్తిడి లేక పిస్టన్ వెళ్ళి ముందు గోడకి కొట్టుకుంటుంది. అందులో దారంతో లాగాలి. ద్రావకాలు వద్దు, నూనెలు వద్దు. ఎన్ని షాట్లకోసారి అన్నదానికి మీ పిస్టల్ పుస్తకం చూడండి, దానికంటే ముందు మీ కార్డు చూడండి. పిస్టల్ని బిగించి కాల్చినప్పుడు పడే గుంపు వెడల్పవుతుంటే అది తుడవమని అడుగుతోందన్నమాట. సిలిండరు మీద తేదీ కూడా చూడండి. పదేళ్ళకి మించి వాడకూడదు, దాటితే పోటీలో ఒప్పుకోరు, ఒప్పుకున్నా మీరు వాడొద్దు.

పాయింట్ 22 అయితే కొంచెం పనుంది. గుండు మీద మైనం లాంటి పూత ఉంటుంది, అది గొట్టం లోపల సన్నగా పరుచుకుంటుంది. అది మురికి కాదు, ఉండాల్సిందే. అందుకే బాగా తోమిన గొట్టం మొదటి కొన్ని షాట్లు అటూఇటూ పోతుంది, పూత మళ్ళీ కుదిరాక దారికొస్తుంది. పోటీ ముందు రాత్రి మెరిసేలా తోమి పొద్దున్నే వెళ్ళి ఏడ్చేవాళ్ళు దీనికి బలి. తుడిచేటప్పుడు వెనకనుంచి ముందుకి, గుండు వెళ్ళే దారిలోనే. కడ్డీ వెనకనుంచి పట్టకపోతే పూత ఉన్న తీగో, దారమో దూర్చి లాగండి. ముందునుంచి కడ్డీ తప్పనిసరైతే మూతికి ప్లాస్టిక్ తొడుగు పెట్టి, కడ్డీ అంచుని రాయకుండా చూడండి. ముక్కలు ముక్కలుగా బిగించే కడ్డీలు వద్దు, ఆ అతుకులే గీతలు పెడతాయి. తూటా కూర్చునే గది, దాని ముందున్న అంచు.. అసలు మురికంతా అక్కడుంటుంది, అందరూ వదిలేసేదీ అదే.

గుడ్డకి ఎక్కడెక్కడో వెతక్కండి. పత్తి పండే ఊరు మాది. పాత నూలు పంచె ఉతికి ఆరబెట్టి రెండంగుళాల ముక్కలు కత్తిరిస్తే అంతకన్నా మంచిది లేదు. టెర్లిన్ గుడ్డ మాత్రం వద్దు, జిడ్డు పీల్చదు.

తుడిచాక పిస్టల్ని స్పాంజి పెట్టెలో మూసి పెట్టొద్దు. కృష్ణ ఒడ్డు ఊళ్ళు, వానాకాలం తేమ, స్పాంజి ఆ తేమని పట్టుకుని కూర్చుంటుంది. సిలికా జెల్ పొట్లాం వేయండి, అప్పుడప్పుడూ మార్చండి. ఏసీ గదిలోంచి తీసి ఉక్కలోకి తెస్తే చల్లటి ఇనుము మీద చెమట పడుతుంది, చల్ల సీసా మీద పట్టినట్టు. తుడిచి ఆరనివ్వండి.

చివరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది. వాడిన గుడ్డముక్కలు కవర్లో కట్టి మూయాలి, ఇంట్లో చెత్తబుట్టలో వేయకుండా రేంజిలో సీసం చెత్త ఎక్కడ వేస్తారో అక్కడ వేయాలి. చేతులు చల్లటి నీళ్ళతో సబ్బు పెట్టి కడగాలి. ఆ తర్వాతే తిండి, ఆ తర్వాతే ఫోను.

మనం ఎక్కడినుంచి వచ్చాం?

ఇదంతా చదివి 'మేము ఇంజనీర్లం, మాకు ఈ తుడిచే గోలేంటి' అనేవాళ్ళకి ఒక మాట గుర్తుచేస్తాను. తొంభైల చివర్లో మన అన్నలు, బాబాయిలు అమీర్‌పేట్‌లో కోబాల్ నేర్చుకుని విమానాలు ఎక్కింది ఎందుకు? కొత్తవి కనిపెట్టడానికి కాదు. ఎవరో ముప్ఫై ఏళ్ళ క్రితం రాసిన కోడులో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేయడానికి. వై టూ కే అంటే అదే, పరాయి వాళ్ళ గొట్టాలు తుడవడం. గుంటూరులో, విజయవాడలో ఎన్ని ఇళ్ళు లేచాయి ఆ డబ్బుతో! 2000 జనవరి 1న ఏమీ కూలిపోలేదు. అప్పుడు జనం "ఏమీ కాలేదుగా, ఉత్త హడావిడి" అన్నారు. బాగుచేసే పని గ్రహచారం అంతే. బాగా చేస్తే ఏమీ జరగదు, ఏమీ జరగకపోతే నువ్వేం చేశావని అడుగుతారు. ఈ అవమానం మనకి తెలుసు. ఇవాళ్టికీ సపోర్టు ప్రాజెక్టులో పడేస్తే మొహం వేలాడేసుకుంటాం. తెలిసి కూడా ఇంకొకడికి అదే చేస్తున్నాం చూడండి, అందుకే నాకు ఎక్కువ సిగ్గేసింది.

ఇక మా ఊరి సంగతి. 2015 అక్టోబరు 22న, సరిగ్గా విజయదశమి రోజున, మా పక్కనే ఉద్దండరాయునిపాలెంలో రాజధానికి శంకుస్థాపన చేశారు. అంతకన్నా పెద్ద ఆయుధ పూజ మేము చూడలేదు. ప్లానులో స్పోర్ట్స్ సిటీ కూడా ఉంది. పత్తి, మిరప పండే ముప్ఫై వేల ఎకరాల పైచిలుకు జనం ఇచ్చారు. 2019 తర్వాత పని ఆగింది. పెద్ద పెద్ద భవనాల పునాదులు నీళ్ళలో నానాయి, ఇనుప చువ్వలు తుప్పు పట్టాయి, రోడ్ల మీద కంప మొలిచింది. 2024లో మళ్ళీ మొదలెట్టేటప్పుడు ముందు కంప కొట్టి, నీళ్ళు తోడి, ఆ పునాదులు పనికొస్తాయో లేదో చెప్పమని ఐఐటీల వాళ్ళని పిలవాల్సి వచ్చింది. 2025 మే 2న మరోసారి పెద్ద సభ, మరోసారి కొబ్బరికాయ. ఏ పార్టీది తప్పు అని నాతో వాదనకి దిగకండి, నాకు ఓపిక లేదు. నేను అడిగేది ఒకటే. కొబ్బరికాయ కొట్టడానికి వచ్చే జనంలో వందో వంతు తుప్పు గీకడానికి వస్తారా? రేపు ఆ స్పోర్ట్స్ సిటీలో షూటింగ్ రేంజి కడితే రిబ్బను ఎవరు కత్తిరిస్తారో నేను ఇప్పుడే చెప్పగలను. అక్కడ గాలి ఫ్యాన్ల ఫిల్టర్లు ఎవరు మారుస్తారో, తడిగుడ్డ ఎవరు పెడతారో, వాళ్ళ రక్తం ఎవరు పరీక్ష చేయిస్తారో ఎవరైనా ఇప్పుడే చెప్పగలరా?

మా పిల్ల పిస్టల్ మూతి బాగుచేయడానికి పంపించాం. అంచు కొంచెం తీసి సరిచేస్తారట, కుదరకపోతే గొట్టం మార్చాలి. ఖర్చు నాదే, న్యాయంగా. అప్పటిదాకా రేంజివాళ్ళ పాత పిస్టల్‌తో కాలుస్తోంది. దాన్ని తనే తుడుస్తోంది. ఆ కుర్రాడికి తొడుగుల డబ్బా, ఒక సబ్బు పెట్టె ఇచ్చి, రక్త పరీక్షకి తీసుకెళ్ళాను. ఫలితం ఎంతొచ్చిందో ఇక్కడ రాయను, అది వాడి సొంత విషయం. నన్ను మాత్రం రెండు రాత్రుళ్ళు నిద్రపోనివ్వలేదు. నేనేదో ఉద్ధరించానని చెప్పుకోవడానికి ఇది రాయట్లేదు, నేను చెడగొట్టినదాంట్లో ఒక పిసరు సరిచేశాను, అంతే.

మీ పిల్లలు షూటింగ్ నేర్చుకుంటుంటే ఈ ఆదివారం రేంజికి వెళ్ళండి. స్కోరు కార్డు తర్వాత చూద్దురు గానీ, ముందు ఆ పిస్టల్ ఎవరు తుడుస్తున్నారో, వాళ్ళ గోళ్ళు ఏ రంగులో ఉన్నాయో చూడండి. అక్కడ కుళాయి ఉందా, సబ్బు ఉందా చూడండి. లేకపోతే ఫీజు కట్టే తండ్రిగా, తల్లిగా గొంతెత్తి అడగండి. ఇంటికొచ్చాక పాత పంచె ఒకటి తీసి పిల్ల చేతికి కత్తెర ఇవ్వండి.

పెదనాన్నకి ఫోన్ చేసి చెప్పాను, నువ్వే గెలిచావని. "ఏంట్రా, వేడినీళ్ళు పోశావా?" అన్నాడు. లేదు పెదనాన్నా, రెండో మాట అన్నాను. "రెండో మాటేం అన్నాన్రా నేను?" అని ఎదురడిగాడు. ఆయనకి గుర్తే లేదు! పక్కవాడితో తుడిపించుకోకూడదన్నది ఆయనకి గుర్తుపెట్టుకోవాల్సినంత గొప్ప విషయం కాదు మరి.

తిట్టేవాళ్ళు తిట్టొచ్చు. బాబాయి ఎలాగూ మొదలెట్టాడు :)